సూరీడి ఒంటిమీద చలిమంటలు!

పొయ్యికి దూరం జరిగేకొద్దీ వేడి తగ్గాలి. చిన్నపిల్లలకైనా తెలిసిన సంగతే. సూర్యుడి దగ్గర మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది! ఉపరితలం మీద ఉండే వేడి దాదాపు 5,500 డిగ్రీల సెల్సియస్. దానికి ఎంతో ఎత్తున ఉండే పలుచని కరోనాలోనేమో పది లక్షల డిగ్రీలకు పైనే. సంపూర్ణ సూర్యగ్రహణం వేళ నల్లటి చందమామ చుట్టూ వెండి వెలుగులా కనిపించేది ఈ కరోనాయే.

ఈ వింత బయటపడిన తీరూ చిత్రమైనదే. 1869 గ్రహణమప్పుడు కరోనా కాంతిలో ఓ ఆకుపచ్చ గీత కనిపించింది. భూమ్మీద లేని కొత్త మూలకం కాబోలనుకుని 'కరోనియం' అని పేరు కూడా పెట్టేశారు. డెబ్భై ఏళ్ల తర్వాత గ్రోట్రియన్, ఎడ్లెన్ అనే శాస్త్రవేత్తలు గుట్టు విప్పారు. అది మామూలు ఇనుమే! కాకపోతే విపరీతమైన వేడికి తన 26 ఎలక్ట్రాన్లలో 13 పోగొట్టుకున్న ఇనుము.

మరి అంత వేడి ఎక్కణ్నుంచి వస్తోంది? 1988లో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ పార్కర్ ఓ జవాబు చెప్పారు. సూర్యుడి ఉపరితలం కుతకుత ఉడికే అన్నంలా నిత్యం కదులుతుంటుంది. ఆ కదలికకు అయస్కాంత బలరేఖలు జడపాయల్లా అల్లుకుపోతాయి. అల్లిక మరీ బిగుసుకుంటే తెగి, కొత్తగా అతుక్కుంటాయి. అప్పుడు వాటిలో దాగిన శక్తి వేడిగా బయటపడుతుంది. ఒక్కొక్కటీ పెద్ద సౌరజ్వాలలో వంద కోట్లో వంతే. కానీ అలాంటివి లెక్కలేనన్ని! వాటినే ఆయన 'నానోఫ్లేర్లు' అన్నారు.

అంత చిన్నవాటిని చూసేదెలా? 2020 మే 30న ఐరోపా, నాసాల 'సోలార్ ఆర్బిటర్' వ్యోమనౌక సూర్యుడికి 7.7 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి ఫొటోలు తీసింది. చూస్తే... ఎక్కడికక్కడ మిణుకుమిణుకుమంటూ మెరుపులు! కొద్ది నిమిషాల్లోనే 1,467 లెక్కతేలాయి. శాస్త్రవేత్తలు వాటికి ముద్దుగా 'క్యాంప్‌ఫైర్లు'... అంటే చలిమంటలని పేరు పెట్టారు. 10 నుంచి 200 సెకన్లలో ఆరిపోతాయవి. పొడవు 400 నుంచి 4,000 కిలోమీటర్లు. సూర్యుడికి అవి చిన్నవే కానీ, వాటిలో పెద్దది మన దేశం పొడవును మించిపోతుంది!

కరోనాను కాగబెడుతున్నది ఈ మంటలేనా? అది ఇంకా తేలలేదు. వీటి శక్తి చాలదనీ, అయస్కాంత అలలే పైకి వేడిని మోసుకెళ్తున్నాయనీ వాదించేవారున్నారు. ఆ ఫొటోలు వచ్చిన రెండేళ్లలోపే, 2022 మార్చిలో పార్కర్ 94 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన వేసిన లెక్క మాత్రం ఇంకా పరీక్షలోనే ఉంది.

ఆ పరీక్షలో మన శ్రీహరికోటకూ పాలుంది. 2023 సెప్టెంబరు 2న అక్కణ్నుంచే ఆదిత్య-ఎల్1 బయల్దేరింది. అందులోని ఒక పరికరం సూర్యబింబాన్ని చిన్న అడ్డుతో కప్పేసి, గ్రహణంతో పనిలేకుండానే కరోనాను చూస్తుంది. అది గమనించే వెలుగుల్లో ఒకటి ఏమిటో తెలుసా? 1869లో శాస్త్రవేత్తల్ని తికమకపెట్టిన ఆ ఆకుపచ్చ గీతే!