కొత్త లాప్‌టాప్, పిలవని చుట్టాలు

మా అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు, ఫిక్సెడ్ డిపాజిట్ ఒకటి తీసి మరీ లాప్‌టాప్ కొన్నాం. డబ్బా విప్పి, కుంకుమ బొట్టు పెట్టి ఆన్ చేశామో లేదో, మేం పెట్టని సరుకు అప్పటికే లోపల తిష్ట వేసుక్కూర్చుంది. ఏవో ఆటలు, షాపింగ్ ఆప్‌లు, ముప్ఫై రోజులు ఉచితమంటూ ఒక యాంటీవైరస్. ఉండనీలే, ఊరికే వచ్చినవేగా అనుకున్నాను.

ఊరికే రాలేదని నెల తిరిగాక తెలిసింది. ఓ మధ్యాహ్నం కరెంటు బిల్లు కడదామని తెరిస్తే, ఎర్రటి పెట్టె ఒకటి ఊడిపడింది. రక్షణ గడువు తీరిపోయింది, కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, వెంటనే డబ్బు కట్టండి అని. నిజం చెప్తున్నా, నా చేతులు చల్లబడ్డాయి. నేనే ఏదో నొక్కి పాడుచేశాననుకున్నాను. "నీకెందుకవన్నీ" అని ఇంట్లో అంటారేమోనని, చీరకని దాచుకున్న డబ్బు గుట్టుగా కట్టేద్దామని కార్డు తీశాను. సగం నంబరు కొట్టేసరికి అమ్మాయి కాలేజీ నుంచి వచ్చింది.

"ఏమీ కట్టకమ్మా. విండోస్‌కి సొంతంగా డిఫెండర్ ఉంటుంది. దీన్ని తీసేస్తే అదే పని మొదలుపెడుతుంది" అంది.

నాకు కోపం వచ్చింది డబ్బు గురించి కాదు, నా భయంతో వ్యాపారం చేసినందుకు. ఇలా ముందే ఎక్కించినందుకు ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళు తయారీదారుకు డబ్బిస్తారట. అందుకే ధర తగ్గుతుందని మావారి వాదన. తగ్గితే ఆ మాటే చెప్పి, ఇవి ఉన్నదానికో ధర, లేనిదానికో ధర పెట్టమనండి. ఎంచుకునేది మనం కావాలి కదా!

ఇది ఉత్త చిరాకు వ్యవహారం కూడా కాదు. 2014లో లెనోవో అమ్మిన కొన్ని లాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రామ్ ముందే ఉండేది. అది బ్యాంకు సైట్లకుండే తాళాన్ని కూడా బలహీనపరుస్తుందని 2015లో బయటపడి గగ్గోలయింది. 2017లో ఆ కంపెనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తోనూ, 32 రాష్ట్రాలతోనూ రాజీకొచ్చి 35 లక్షల డాలర్లు కట్టింది. ఇకపై అలాంటివి పెట్టాలంటే కొనేవారి అనుమతి తీసుకోవాలన్నది ఆ రాజీలో ఒక షరతు. నేనడిగేదీ అంతే, ముందు మమ్మల్ని అడగండి.

అడిగేదాకా మన జాగ్రత్త మనది. బియ్యంలో రాళ్ళేరడం మనకు కొత్తా? సెట్టింగ్స్‌లో ఆప్స్, అందులో ఇన్‌స్టాల్డ్ ఆప్స్ తెరవండి. అక్కర్లేనిదాని పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే అన్‌ఇన్‌స్టాల్ అని వస్తుంది. ఇంటెల్, రియల్‌టెక్ లాంటి పేర్లున్నవి మాత్రం ముట్టుకోకండి, తెరా శబ్దమూ వాటి మీదే నడుస్తాయి. అర్థం కాని పేరుంటే కనుక్కున్నాకే తీయండి. ఎర్ర పెట్టె వస్తే కార్డు తీయకుండా మూసేసి, ఇంట్లో ఒకరిని అడగండి. అడగడం నామోషీ కాదు. నేను అడక్కపోవడమే తప్పయింది.

పోయిన నెల మా తోడికోడలు కొత్త లాప్‌టాప్ కొంది. బొట్టు పెట్టగానే ఇద్దరం కూర్చుని ముందా జాబితానే తెరిచాం. పదకొండు తీసేశాం. ఆ తర్వాతే కాఫీ తాగాం.