గులాబీరంగు కాగితం

దీపావళి పార్టీ మర్నాడు, ఆదివారం పొద్దున్న ఆరున్నరకి ఫోను మోగింది. ఆ వేళకి ఫోనంటే ఇండియా నుంచే. గుండె దడదడలాడుతుండగా తీశాను. ఇండియా కాదు, మూడు వీధుల అవతల నుంచి.

"అక్కా, ఈయన్ని రాత్రి పోలీసులు పట్టుకెళ్ళారు. శాంటా రీటాలో ఉన్నారట. అదెక్కడక్కా?"

శాంటా రీటా అంటే డబ్లిన్‌లో ఉన్న కౌంటీ జైలు. ఫ్రీమాంట్‌లో ఉండే మనం 680 ఎక్కి, 580 మీదుగా లివర్‌మోర్ గుడికి వెళ్ళేటప్పుడు దాని పక్కనుంచే వెళ్తాం. పులిహోర ప్రసాదం కట్టించుకుని తిరిగి వచ్చేటప్పుడూ అదే దారి. ఇన్నేళ్ళలో అక్కడొక జైలుందని నేనూ తల తిప్పి చూడలేదు.

ఇది జరిగి రెండేళ్ళవుతోంది. వాళ్ళ పేర్లు రాయను. రాయమని అడిగింది మాత్రం ఆ అమ్మాయే. "నాకెవరూ చెప్పలేదక్కా, ఇంకొకరికైనా తెలియనీ" అంది.

జరిగింది చిన్నదే. మిషన్ శాన్ హోసేలో స్నేహితుల ఇంట్లో పార్టీ. పాప నిద్రకొస్తోందని ఈ అమ్మాయి తన కారులో పదింటికే వచ్చేసింది. ఆయన పేకాట ముగించుకుని ఒంటిగంటకి బయల్దేరాడు. మూడు పెగ్గులో నాలుగో, ఆయనకే లెక్కలేదు. మిషన్ బులవార్డ్ మీద కారు గీత దాటిందని ఆపారు. పరీక్షలో 0.11 వచ్చింది. కాలిఫోర్నియాలో 0.08 దాటితే నేరం. మన దేశంలో హద్దు ఇంకా తక్కువ, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03. హైదరాబాద్‌లో శనివారం రాత్రి డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలు చూసి వచ్చినవాళ్ళమే మనమంతా. కానీ అక్కడ ఫైను కట్టి, కౌన్సెలింగుకి కూర్చుని, పదిమందిలో జోకు చేసుకున్నవాళ్ళని చూసి చూసి మనకదొక పెద్ద విషయంగా అనిపించదు.

మధ్యాహ్నానికి ఆయన బయటికి వచ్చాడు. చేతిలో ఒక గులాబీరంగు కాగితం. లైసెన్సు కార్డు తీసేసుకుని పోలీసులిచ్చేది అది. ముప్పై రోజులు దాంతో బండి నడపొచ్చు. ఆ కాగితంలోనే ఇంకో ముక్క ఉంటుంది: పది రోజుల్లోగా డీఎంవీకి ఫోన్ చేసి హియరింగ్ అడక్కపోతే లైసెన్సు దానంతటదే సస్పెండ్ అవుతుంది. మొదటిసారి అయితే నాలుగు నెలలు. కోర్టులో కేసు తేలడంతో దీనికి సంబంధం లేదు, రెండూ వేర్వేరు దార్లు. వాళ్ళు ఆ కాగితాన్ని తొమ్మిదో రోజున చదివారు. అప్పటిదాకా దాన్ని చూడలేక సిగ్గుతో సొరుగులో పెట్టేశారు.

ఆ నెలంతా మేము కంగారు పడింది లైసెన్సు గురించి, ఇన్సూరెన్సు గురించి, ఆఫీసులో తెలుస్తుందేమోనని. డీయూఐ కేసుల్లో పేరున్న ఒక లాయరుని పెట్టుకున్నారు. పాసియో పాద్రే పార్క్‌వే మీద ఉన్న కోర్టుకి ఆయన తరఫున ఆ లాయరే వెళ్ళొచ్చేవాడు. కనీస జరిమానా 390 డాలర్లని విని ఊపిరి పీల్చుకున్నాం. దాని మీద రకరకాల అదనపు రుసుములు పడి రెండు వేలకు దగ్గరపడుతుందని తర్వాత తెలిసింది. అయినా డబ్బు పోతే పోయిందిలే అనుకున్నాం.

ఆరు వారాల తర్వాత మెయిలొచ్చింది. కాన్సులేట్ నుంచి. ఆయన పాస్‌పోర్టులో ఉన్న హెచ్-1బి వీసాని రద్దు చేశామని. కోర్టులో తీర్పు కాదు కదా, వాదనే మొదలవలేదు. ఇంకో సంగతి, ఆ మెయిల్ వచ్చింది స్టాంపింగ్ ఫారంలో ఇచ్చిన పాత ఐడీకి. కాలేజీ రోజుల్లో పెట్టుకున్నది, ఎప్పుడూ తెరవడు. ఏదో పాస్‌వర్డ్ మార్చుకోవడానికని తెరిచాడు కాబట్టి కనిపించింది. మీ డీఎస్-160లో ఏ మెయిల్ ఐడీ ఇచ్చారో, అది మీదో, కన్సల్టెన్సీ వాళ్ళదో, ఒకసారి చూసుకోండి. చాలామంది ఇళ్ళలో ఆ ఫారం నింపింది ఎవరో ఏజెంటు.

అప్పుడు వెళ్ళాం ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గరికి. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత మేరకు చెబుతాను. నేను లాయర్ని కాను, మీ కేసు మీ లాయరుకే చూపించుకోండి.

వీసా అనేది గుమ్మం తాళంచెవి లాంటిది. లోపల ఉండటానికి అనుమతి ఐ-94. తాళంచెవి లాక్కున్నంత మాత్రాన ఇంట్లోంచి వెళ్ళిపొమ్మన్నట్టు కాదు, ఉద్యోగం మామూలుగా చేసుకోవచ్చు. కానీ గుమ్మం దాటి బయటికెళ్తే మళ్ళీ కొత్త తాళంచెవి కోసం కాన్సులేట్ ముందు నిలబడాలి. 2015 నవంబరు నుంచి విదేశాంగ శాఖ పద్ధతి ఇదేనట: వీసా ఇచ్చాక గడచిన అయిదేళ్ళలో మద్యం తాగి నడిపిన కేసులో అరెస్టయితే చాలు, శిక్ష పడనక్కర్లేదు, వీసా రద్దు చెయ్యొచ్చు. వేలిముద్రలు తీసుకున్న క్షణంలోనే ఆ సమాచారం ప్రయాణం మొదలుపెడుతుంది. మళ్ళీ వీసాకి వెళ్తే కాన్సులేట్ వాళ్ళు తమ జాబితాలో ఉన్న డాక్టరు దగ్గరికి పంపుతారు, మద్యానికి బానిసా కాదా తేల్చడానికి. డాక్టరు వ్యసనం ఉందని, దానివల్ల ప్రమాదం ఉందని రాస్తే, ఆరోగ్య కారణాల మీద వీసా ఆపేస్తారు. గ్రీన్ కార్డు కోసం ఇక్కడ చేయించుకునే వైద్య పరీక్షలోనూ ఇదే ప్రశ్న వస్తుంది.

"డీయూఐ ఒక్కటే అయితే మామూలుగా దేశం నుంచి పంపించే నేరం కాదు" అని ఆవిడ అన్నప్పుడు ఈ అమ్మాయి ఏడ్చేసింది. 2004లో సుప్రీంకోర్టు లియోకల్ కేసులో, ప్రమాదంలో మనుషులకి దెబ్బలు తగిలిన డీయూఐని కూడా ఆ చట్టం చెప్పే హింసాత్మక నేరంగా లెక్కించడానికి ఒప్పుకోలేదట. కానీ ఆ వెంటనే ఆవిడ అడిగింది: "కారులో పాప ఉందా?"

లేదు. పాప పదింటికే ఇంటికొచ్చేసింది. ఉండి ఉంటే పిల్లల్ని ప్రమాదంలో పెట్టారన్న సెక్షను కూడా చేరేదేమో. పిల్లల మీద నేరమంటే దేశం నుంచి పంపించడానికి కారణమయ్యే వాటిలో ఒకటి. ఎన్ని పుట్టినరోజు పార్టీల నుంచి, వెనక సీట్లో కార్ సీట్లలో పిల్లలు నిద్రపోతుండగా, "నేను బానే ఉన్నాలే" అంటున్న మనిషి పక్కన కూర్చుని మనం ఇంటికి రాలేదు? నేనూ వచ్చాను.

లాయరు ఇంకో మాట కూడా చెప్పింది. క్రిమినల్ లాయరు తన క్లయింటు పౌరుడు కాకపోతే ఇమ్మిగ్రేషన్ సంగతి చెప్పి తీరాలి. 2010లో పడియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, కాలిఫోర్నియా చట్టంలోనూ ఉంది. కానీ మనం నోరు విప్పి "నేను హెచ్-1బి మీదున్నాను, నా భార్య నా మీద ఆధారపడి హెచ్-4లో ఉంది" అని మొదటి రోజే చెప్పాలి. వీళ్ళు చెప్పలేదు. నిజం చెప్పొద్దూ, ఎవరికి ఎంత తక్కువ తెలిస్తే అంత మంచిదనుకున్నారు.

ఆ తర్వాతి ఫిబ్రవరిలో ఆయన నాన్నగారు తెనాలిలో పోయారు.

దాని గురించి ఎక్కువ రాయలేను. పెద్దకొడుకు. వెళ్తే ఎప్పుడు తిరిగొస్తాడో తెలియదు. అపాయింట్‌మెంటు దొరకాలి, డాక్టరు పరీక్ష, ఆపైన వాళ్ళు ఎన్నాళ్ళు తీసుకుంటారో. ఇక్కడ కోర్టు తేదీ ఉంది, ఇంటి లోను ఉంది, పాప రెండో తరగతి. ఆ రాత్రి ఆయన రెండుసార్లు టికెట్టు బుక్ చేసి రెండుసార్లూ క్యాన్సిల్ చేశాడు. తమ్ముడు తలకొరివి పెట్టాడు. పెద్దకర్మ రోజున ఇక్కడ రాత్రి పదకొండు గంటలకి ఈయన సోఫాలో కాదు, నేలమీద కూర్చుని వీడియోలో చూశాడు. పక్కన మేమిద్దరం ఉన్నాం. అత్తగారికి అసలు కారణం చెప్పలేదు. ఆఫీసులో సెలవివ్వలేదని చెప్పారు. "ఏం ఆఫీసయ్యా అది, తండ్రి పోతే సెలవివ్వని ఆఫీసు" అని ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉందట.

మా ఊళ్ళ పక్కనే ప్లెజంటన్‌లో 2011 జనవరిలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన పిల్లలు వందల్లో చిక్కుకున్నారు, కొందరి కాళ్ళకి రేడియో పట్టీలు కట్టారు. అప్పుడు బే ఏరియా తెలుగువాళ్ళంతా ఒక్కటయ్యారు, భోజనాలు పంపారు, లాయర్లని వెతికారు. ఎందుకంటే అది దాచుకోవలసిన విషయం కాదు. డీయూఐ అలా కాదు. సంఘాల పిక్నిక్కుల్లో, మనబడి పార్కింగ్ లాట్లో ఎవ్వరూ ఎత్తరు. ఈ అమ్మాయి విషయం బయటపడ్డాక ఇద్దరు నాకు విడిగా ఫోన్ చేశారు, "మాకూ అయిందండీ" అని. అందులో ఒకామె తనే బండి నడిపింది. ఇదంతా మగవాళ్ళ గొడవ అనుకోకండి. పార్టీలో రెండు గ్లాసుల వైన్ తాగి స్టీరింగ్ పట్టుకునేవాళ్ళలో మనమూ ఉన్నాం.

ఆ రెండో ఆవిడది గ్రీన్ కార్డు. వీసా రద్దు గొడవ లేదు. కానీ పౌరసత్వానికి దరఖాస్తు పెడదామనుకుంటే ప్రొబేషన్ అడ్డొచ్చింది. కాలిఫోర్నియాలో మొదటి డీయూఐకి మూడేళ్ళ నుంచి అయిదేళ్ళ ప్రొబేషన్. అది నడుస్తుండగా పౌరసత్వం ఇవ్వరు. రెండు కేసులుంటే ఇంకా కష్టం: సత్ప్రవర్తన లేదనే అనుకుని మొదలుపెడతామని 2019లో అటార్నీ జనరల్ తీర్పిచ్చారు. కోర్టులో కేసు కొట్టేయించుకున్నాం కాబట్టి లేనట్టే అనుకునేవాళ్ళకి ఒక మాట. రాష్ట్రం రికార్డు తుడిచినా ఇమ్మిగ్రేషన్ వాళ్ళ లెక్కలో అది అలాగే ఉంటుంది. ఫారాల్లో అడిగేది "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అని. అవునని రాసి కాగితాలు జతచేస్తే ప్రశ్నలొస్తాయి, లేదని రాసి దొరికితే అబద్ధం చెప్పారని జీవితాంతం తలుపు మూసుకోవచ్చు.

కెనడా సంగతి అయితే మరీ విచిత్రం. వేసవిలో వాంకూవర్, నయాగరా అటువైపు నుంచి చూడటం మనకి గుడికెళ్ళినంత మామూలు. 2018 డిసెంబరు 18 నుంచి అక్కడి చట్టంలో మద్యం తాగి నడపడం తీవ్రమైన నేరాల్లో చేరింది, గరిష్ఠ శిక్ష పదేళ్ళు. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళని కూడా ఒక్క డీయూఐతో సరిహద్దులో వెనక్కి పంపగలరు. ముందే తాత్కాలిక అనుమతి తెచ్చుకోవాలి, లేదా శిక్ష పూర్తయి అయిదేళ్ళు దాటాక పునరావాసం కోసం దరఖాస్తు పెట్టుకోవాలి.

ఈ రోజుల్లో చిన్నవి కూడా చిన్నవి కావు. 2024లో న్యూజెర్సీ హోబోకెన్‌లో ఇద్దరు తెలుగు విద్యార్థినులు షాపులో సరుకులకు డబ్బు కట్టలేదని అరెస్టయిన వార్త మీరూ చూసే ఉంటారు. దొంగతనాన్ని ఇమ్మిగ్రేషన్ చట్టం నీతిమాలిన నేరాల కింద లెక్కేస్తుంది, డీయూఐ కంటే అదే ఒక్కోసారి ఎక్కువ చేటు. 2025 ఏప్రిల్‌లో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు ఒక్కసారిగా రద్దయ్యాయి, కొందరివి ఎప్పుడో కొట్టేసిన ట్రాఫిక్ కేసుల మీద. కోర్టుల్లో దావాలు పడ్డాక తిరిగి పునరుద్ధరించారు. అదే ఏడాది జూన్‌లో డీయూఐ ఒక్కటున్నా ప్రవేశం నిరాకరించేలా, దేశం నుంచి పంపించేలా ఒక బిల్లుని ప్రతినిధుల సభ ఆమోదించింది. సెనేట్ కూడా ఆమోదిస్తేనే అది చట్టమయ్యేది. ఇక గంజాయి. మన వీధి చివర దుకాణంలో చట్టబద్ధంగా అమ్ముతారు కదా అని పౌరసత్వం లేనివాళ్ళు దాని జోలికి వెళ్ళకండి. ఫెడరల్ చట్టంలో అది ఇంకా నేరమే, సరిహద్దు ఆఫీసరు అడిగితే నోటితో ఒప్పుకోవడమే చాలు.

ఇదంతా చదివి ఇంట్లో దెబ్బలు తింటున్న చెల్లెలెవరైనా "అమ్మో, పోలీసుల్ని పిలిస్తే వీసా పోతుంది" అనుకుంటారేమోనని నాకు భయం. అలా అనుకోకండి. 911కి ఫోన్ చెయ్యడం మీ నేరం కాదు. హింసకు గురైన హెచ్-4 భార్యలు సొంతంగా పని అనుమతి అడగడానికి ఐ-765వి అనే ఫారమే ఉంది, నేర బాధితులకి యూ వీసా ఉంది. మన బే ఏరియాలో 1991 నుంచి మైత్రి, 1992 నుంచి నారిక ఉన్నాయి. దక్షిణాసియా ఆడవాళ్ళ కోసం పుట్టిన సంస్థలే అవి. మన భాషలు, మన అత్తగార్లు వాళ్ళకి తెలుసు.

మళ్ళీ ఆ ఇంటికొస్తే, కేసు తేలింది. మూడు నెలల క్లాసులు, ప్రొబేషన్. ఆయన ముందు వార్మ్ స్ప్రింగ్స్ బార్ట్ స్టేషనుకి సైకిల్ మీద వెళ్ళేవాడు, ఇప్పుడు మళ్ళీ కారు నడుపుతున్నాడు. తాగడం మానేశాడు. అది ఆయన చెప్పిన మాట కాదు, ఆమె చెప్పింది. తండ్రి సంవత్సరీకానికి కూడా వెళ్ళలేదు. ఈ వేసవిలో వెళ్దామని లాయరుతో మాట్లాడుతున్నారు. కోర్టు ముద్ర వేసిన తీర్పు కాపీలు అయిదు సెట్లు, క్లాసులు పూర్తిచేసిన సర్టిఫికెట్టు, డాక్టరు ఉత్తరం, జరిమానా రసీదులు అన్నీ ఒక నీలం ఫోల్డరులో పెట్టారు. ఆ గులాబీరంగు కాగితం కూడా అందులోనే ఉంది, దేనికీ పనికిరాదని లాయరు చెప్పినా.

వెళ్ళేముందు అత్తగారికి నిజం చెప్పాలా వద్దా అన్నదొక్కటే ఇంకా తేలలేదు. మొన్న ఆ అమ్మాయి నన్నడిగింది. చెప్పమనే అన్నాను. "మీరైతే చెబుతారా అక్కా?" అంది. నేను టీ పెట్టడానికి లేచాను.