ఆ జార్ ఫైలు ఎవరు పెట్టారు?

"నా మెషీన్‌లో పని చేస్తోందండీ" అని ఎవరైనా అంటే కాల్‌లో అందరం నవ్వుతాం. నేనూ చాలాసార్లు నవ్వాను. ఈమధ్య జరిగిన ఒక సంగతి తర్వాత నవ్వడం మానేశాను.

మా దగ్గర ఇన్‌వాయిసులను ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి పంపే జావా ఇంటర్‌ఫేస్ ఒకటుంది. టీములో రెండేళ్ళ అనుభవమున్న అమ్మాయి అందులో ఒక లైబ్రరీని కొత్త వెర్షన్‌కి మార్చింది. తన లాప్‌టాప్‌లో బానే ఉంది, టెస్ట్ సర్వర్లోనూ బానే ఉంది. ప్రొడక్షన్లో పెట్టగానే 'నో సచ్ మెథడ్ ఎర్రర్'. శుక్రవారం రాత్రి మొదలైన కాల్ తెల్లవారుజాము మూడింటిదాకా సాగింది. అందరిదీ ఒకటే ప్రశ్న, "నువ్వేం మార్చావు?" అని. పాపం, చెప్పిందే పదిసార్లు చెప్పింది.

ఈ ఎర్రర్ల గురించి రెండు ముక్కలు చెప్పాలి. 'క్లాస్ నాట్ ఫౌండ్' అంటే పేరు పెట్టి అడిగిన క్లాసు దొరకలేదని. 'నో క్లాస్ డెఫ్ ఫౌండ్' అంటే కంపైల్ చేసినప్పుడున్నది ఇప్పుడు లేదని, లేదా ఉన్నా దాని స్టాటిక్ బ్లాకు ముందే ఫెయిలయ్యిందని. 'నో సచ్ మెథడ్' ఈ రెంటికంటే టక్కరిది. క్లాసు దొరికింది గానీ అది మనం కంపైల్ చేసిన వెర్షన్ కాదు. అదే పేరుతో వేరే వెర్షన్ ఎక్కడో కూర్చుందన్నమాట.

ముందు మేవెన్ మీద అనుమానపడ్డాం. ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లలో వస్తే మేవెన్ కొత్తదాన్ని తీసుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది డిపెండెన్సీ ట్రీలో మన ప్రాజెక్టుకి దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుంటుంది. ట్రీ అంతా చూశాం, ఏ తప్పూ లేదు. సర్వర్ మూడుసార్లు రీస్టార్ట్ చేశాం, అదీ ఊరికే. చివరికి ఏ క్లాసు ఏ ఫైలు నుంచి లోడవుతోందో చూపించే వెర్బోస్ ఆప్షన్ పెడితే బయటపడింది. సర్వర్లో అన్ని అప్లికేషన్లూ వాడుకునే షేర్డ్ ఫోల్డర్లో పాత వెర్షన్ జార్ ఉంది. మా సర్వర్ ముందు అక్కడ వెతికి, దొరక్కపోతేనే అప్లికేషన్ ప్యాకేజీలోకి వెళ్తుంది. టెస్ట్ సర్వర్లో ఆ ఫైలు లేదు కాబట్టి అక్కడ ఎర్రర్ రాలేదు.

ఆ ఫైలు తేదీ చూస్తే రెండేళ్ళ కిందటిది. పెట్టింది నేనే.

అప్పుడు నెలాఖరు రాత్రి ఇంకో ఇంటర్‌ఫేస్ పడిపోతే, జార్ కాపీ చేసి, రీస్టార్ట్ చేసి, టికెట్‌లో 'రిజాల్వ్‌డ్' అని రాసి ఇంటికెళ్ళిపోయాను. ఎందుకు పెట్టానో ఎక్కడా రాయలేదు. మర్నాడు మెచ్చుకుంటూ మెయిల్ కూడా వచ్చింది! ఆ విషయం కాల్‌లోనే చెప్పేశాను. "సర్లే, తీసెయ్యండి" అన్నారు. తీసేస్తే ఆ పాత ఇంటర్‌ఫేస్ పడిపోతుంది కదా. దాని ప్యాకేజీలోనే ఆ జార్ పెట్టి, టెస్ట్ చేసి, అప్పుడు తీశాం. మూడింటిదాకా నిలదీసిన అమ్మాయికి మాత్రం ఎవరూ సారీ చెప్పలేదు. సోమవారం నేను చెప్తే "పర్లేదన్నా" అంది. పర్లేదని నాకైతే అనిపించలేదు.

నా అభిప్రాయం ఒకటే. డిపెండెన్సీ ఎర్రర్ వచ్చినప్పుడు చివరగా ముట్టుకున్నవాళ్ళని పట్టుకోవడం మానాలి. ఈ ఎర్రర్లు చాలావరకు ఎప్పుడో ఎవరో చేసి మర్చిపోయిన పనివల్ల వస్తాయి. 2021 డిసెంబరులో లాగ్4జె లోపం బయటపడ్డప్పుడు చూశాం కదా, దాన్ని సరిచెయ్యడం ఒక ఎత్తయితే, అది మన సిస్టమ్స్‌లో ఎక్కడెక్కడ దాక్కుందో కనుక్కోవడం ఇంకో ఎత్తయింది. అందుకే కాల్‌లో మొదటి ప్రశ్న "ఎవరు మార్చారు?" కాకుండా "ఏ ఫైలు నుంచి లోడయ్యింది?" అని ఉండాలి.

అర్ధరాత్రి క్లయింట్ లైన్లో ఉంటే ఏదో ఒకటి చేసి నడిపించక తప్పదని మీరనొచ్చు. నిజమే, నేనూ మళ్ళీ అదే చేస్తానేమో. కానీ మర్నాడు ఏం పెట్టానో, ఎందుకు పెట్టానో, ఎప్పుడు తీసెయ్యాలో టికెట్‌లో మూడు లైన్లు రాస్తాను. ఆ మూడు లైన్లు రాయకపోతే దాని ఖరీదు మన తర్వాత వచ్చే జూనియర్ కడతారు.

వీలైతే మీ షేర్డ్ ఫోల్డర్ కూడా ఒకసారి తెరిచి చూడండి. అందులో మీరు పెట్టినవి ఎన్నున్నాయో!