చవక బండి, ఖరీదైన బ్యాటరీ

ఎలక్ట్రిక్ స్కూటర్ కొనబోయే వాళ్లంతా ముందు ‘ఎంత?’ అని అడుగుతారు. అడగాల్సింది ‘బ్యాటరీ ఏది, ఎన్నాళ్లొస్తుంది, పోతే ఎంతవుతుంది?’ అని. చవక బండ్లలో చాలావాటికి ఉండేది లెడ్ యాసిడ్ బ్యాటరీలే. రోజూ తిప్పితే ఏడాది, రెండేళ్లకే నీరసిస్తాయి. మా వీధిలో కూరగాయలమ్మే అతని బండి మొదట్లో మార్కెట్‌కు హాయిగా వెళ్లొచ్చేది. ఇప్పుడు ఫ్లైఓవర్ ఎక్కేసరికే మీటరులో గీతలన్నీ పడిపోతాయి, బుట్టలతో సహా తోసుకుంటూ వస్తాడు. అమ్మిన షాపు ఎప్పుడో షట్టరు దించేసింది. 250 వాట్ల మోటారు, గంటకు 25 కిలోమీటర్ల వేగం దాటని బండికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నది పెద్ద ఆకర్షణ. కానీ బీమా లేకుండా ఎవరినైనా గుద్దితే ఆ ఖర్చంతా మన నెత్తినే. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడగ్గదిలో చార్జింగు పెట్టిన బ్యాటరీ పేలి ఒక నిండు ప్రాణం పోయింది. అలాంటి ప్రమాదాల తర్వాతే కేంద్రం ఏఐఎస్-156 భద్రతా ప్రమాణాన్ని కఠినం చేసింది. పెట్రోలు ఆదా అవడం నిజమే. ఆ ఆదా మన జేబులో మిగలాలంటే బిల్లు మీద బ్యాటరీ వారంటీ రాయించుకోండి, దగ్గర్లో సర్వీసు సెంటరు ఉందో లేదో కళ్లారా చూశాకే డబ్బు కట్టండి.