ఫోటో దిగినోళ్ల పేరేది?

(మన పాఠం మన చేతిలో – 6)

ఇప్పుడు ఏ సెమినార్‌కు పోయినా "ఓపెన్ పాఠాలు" అనే మాట వినబడుతున్నది. మంచిదే. తరతరాలు బడి గడప బయట నిలబడ్డ మనకన్నా, తలుపు తెరిస్తే సంతోషపడేదెవరు? కానీ లోపలికి పోయినంక ఒకటి అడగాలె. ఆ గోడల మీది ఫోటోలు ఎవరివి?

1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటోకు మొదటి యజమాని తీసినవాడు. పైసలిచ్చి తీయించుకుంటే, తీయించుకున్నవాడు. దిగినవాళ్లకు అందులో కాపీరైట్ లేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను చంపినంక, గోండుల స్థితిగతులు చూడమని నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి ఎన్నో ఫోటోలు తీసిండు. గోండు పిల్లలకు బడులు పెట్టించిండు, కాదనను. కానీ ఆ ఫోటోల భాండాగారం ఇయ్యాల లండన్‌లోని సోయాస్‌లో ఉన్నది. మార్లవాయి పిల్లగాడు తన తాత ముఖాన్ని పాఠంలో పెట్టుకోవాలంటే ముందు లండన్ షరతులు చదవాలె. ఇట్లాంటి ఫోటోల కింద "గోండు స్త్రీ", "డప్పు కొట్టే మాదిగ" అని కులం ఉంటది, తెగ ఉంటది. పేరు ఉండదు.

"గూగుల్‌లో ఉన్నది కదా, తీసుకుందాం" అనే మిత్రులున్నరు. తరగతిలో పాఠం చెప్పడానికి 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తది. ఢిల్లీ యూనివర్సిటీలోని జిరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ప్రచురణ సంస్థలు 2012లో కేసు వేస్తే, 2016లో హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. అది మన గెలుపు. కానీ క్లాసులో చూపించుడు వేరు, అదే బొమ్మను పాఠంలో అతికించి "ఎవరైనా వాడుకోవచ్చు" అని లోకానికి రాసిచ్చుడు వేరు. మనది కానిదాన్ని మనం దానం చెయ్యలేం. ఒక్క ఫిర్యాదు వస్తే బొమ్మతోపాటు పాఠమే పోవచ్చు. నష్టపోయేది హాస్టల్‌లో ఫోన్ మీద చదువుకునే మన పిల్లలే.

ఇక తాళం వేసేవాళ్లు. సర్కారు బడి పుస్తకాలు ఉచితంగానే పంచుతది, హక్కులు మాత్రం తనదగ్గరే పెట్టుకుంటది. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. కొందరైతే ఓపెన్ అంటూనే, "మార్పులు చేసి పంచరాదు" అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ తగిలిస్తరు. అంటే ఆ పాఠాన్ని గోండిలోకి మార్చి పంచలేం. గుంజాల రాతప్రతుల్లో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటొచ్చింది. లిపికి దారి దొరికింది, పాఠానికి అడ్డమెందుకు?

మరేం చెయ్యాలె? మొదలు, ఇప్పటికే మనదైనదాన్ని వాడుకోవాలె. రచయిత పోయిన 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతది. బాబాసాహెబ్ 1956లో పోయిండు. ఆయన బతికుండగా అచ్చేసిన రచనలు 2017 జనవరి 1 నుంచి అందరివీ. అనువాదాల హక్కు మాత్రం అనువాదకులది, అది మరువొద్దు. చౌరస్తాలో శాశ్వతంగా నిలబెట్టిన విగ్రహాన్ని ఫోటో తీసి ప్రచురించడానికి అదే 52వ సెక్షన్ ఒప్పుకుంటది. కొట్లాడి నిలబెట్టుకున్న విగ్రహాలు మనవి, ఫోన్లు మన చేతుల్లో ఉన్నయి. కరీంనగర్ నుంచి ఉట్నూర్ దాకా మన బొమ్మల ఖజానా మనమే కట్టుకోవచ్చు.

రెండోది, లైసెన్స్. "పేరు చెప్పు, మార్చినదాన్ని ఇదే షరతు మీద పంచు" అన్నది చాలు. "వ్యాపారానికి వద్దు" అని రాయాలనిపిస్తది. మనల్ని అమ్ముకున్నోళ్ల మీది కోపం అది, న్యాయమే. కానీ ఆ షరతున్న బొమ్మను వికీమీడియా కామన్స్ తీసుకోదు, ఖర్చుల కోసం పది రూపాయలకు అమ్మే మన చిన్న పత్రిక కూడా జంకుతది.

మూడోది చట్టం అడగదు, మనం అడగాలె. చెప్పులు కుట్టే అవ్వ ఫోటో పెడితే, తీసినవాళ్ల పేరుతోపాటు అవ్వ పేరూ ఉండాలె. అంతకుముందు ఆమె ఒప్పుకోవాలె. పేరు వద్దంటే రాయొద్దు. ఫోటోనే వద్దంటే తియ్యొద్దు. దాడిలో చనిపోయిన బిడ్డ శవం ఫోటోకు ఏ లైసెన్స్ ఉన్నా పాఠంలో పెట్టే హక్కు మనకు రాదు.

పాఠం ఓపెన్ అయితే సరిపోదు. అందులో మన మనుషులు మనుషులుగా కనబడాలె. ఈ సెమిస్టర్‌లో మీరు తయారుచేసే ప్రతి స్లయిడ్ కింద చూడండి: ఎవరు తీసిండ్రు, ఏ లైసెన్స్, దిగినోళ్లెవరు? మూడింటికీ జవాబుంటేనే పంచండి.

జై భీమ్.