చుంచు చెప్పగల సాక్ష్యము

మఠంపల్లి ప్రాంతమున సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారములు ఉన్నవి; నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో పండు వరిచేలును ఉన్నవి. పొగగొట్టము నుండి వెలువడు ధూళిని కొలుచుటకు యంత్రములు కలవు. ఆ ధూళి నేలపై బడి ప్రాణి దేహములో ఎంత చేరుచున్నదో అవి చెప్పజాలవు. అందుకు మన పొలములలోని ఎలుకలను, చుంచులను పరీక్షింపవలెనని మా అభిప్రాయము.

తెలుగు పాఠములు చెప్పువారికి ఎలుకల గొడవ ఎందుకని విజ్ఞానశాస్త్ర శాఖల మిత్రులు నవ్వవచ్చును. నవ్వనిండు. సీసము, కాడ్మియము వంటి బరువు లోహములు కుళ్ళి నశించునవి కావు. దేహమున ప్రవేశించిన సీసము ఎక్కువగా ఎముకలలోను, కాడ్మియము కాలేయములోను మూత్రపిండములలోను నిలిచిపోవును. ఈ చిన్న జంతువులు దూరము పోవు. కొద్దిపాటి నేలలోనే తిరిగి, అక్కడి తిండియే తినును. వీటిలోను చుంచు, అనగా ఉర్దూలో ఛఛూందర్, మరింత నమ్మదగిన సాక్షి. పందికొక్కు ముఖ్యముగా గింజలు తినును. చుంచు పురుగులను, వానపాములను తినును. వానపాము మట్టినే మింగునది. అందుచేతనే ఎలుకలలో కంటె చుంచు జాతులలో కాడ్మియము అధికముగా పోగుపడునని ఐరోపా పరిశోధనలు చూపినవి. 1998 ఏప్రిల్‌లో స్పెయిన్ దేశమున అజ్నాల్‌కోయార్ గని వద్ద కట్ట తెగి విషపు బురద నదిలో కలిసిన పిమ్మట, అచటి శాస్త్రజ్ఞులు చుంచులను, ఎలుకలను పట్టి పరీక్షించిరి. జపానులోని మినమాటాలో 1956లో పాదరస వ్యాధి అధికారికముగా గుర్తింపబడుటకు ముందే పిల్లులు గంతులు వేసి చచ్చినవి. వాని చావునకు అర్థము సకాలమున తెలియలేదు.

కర్మాగారములపై నింద మోపుట మా ఉద్దేశము కాదు. మా విద్యార్థులలో కొందరి ఇండ్లు ఆ జీతములతోనే గడుచుచున్నవి. ఆ ఇండ్లలో ఉడుకునది ఈ చేల బియ్యమే. కాడ్మియము ఫాస్ఫేటు ఎరువుల నుండియు రావచ్చును. కనుక కర్మాగారమునకు దాపున కొన్నింటిని, దూరపు చేలలో కొన్నింటిని పట్టి పోల్చవలెను. మందు పెట్టి చంపినవి పనికిరావు. జింకు ఫాస్ఫైడు జింకు లెక్కను చెరుపును. రైతులు బుట్టలు పెట్టి పట్టినవి చాలును.

మన జంతుశాస్త్ర, రసాయనశాస్త్ర శాఖలు కలిసి ఈ వరికోతలలోనే పని మొదలిడవచ్చును. లోహములను కొలుచు యంత్రమునకై విశ్వవిద్యాలయమును ఆశ్రయింపవలసి యుండును. ఫలితము ఏదైనను తెలుగున, ఉర్దూలో వ్రాసి ఆ గ్రామములవారికి చదివి వినిపింపవలెను.