లైటు వెలిగితే చాలు, డబ్బా మార్చాలా?

బాలానగర్ పారిశ్రామికవాడకు చుట్టుపట్ల గ్రామాల బండ్లు నిత్యం వస్తుంటాయి. అప్పు చేసి కొన్న పాత కారు గాని, నలుగురు కలిసి నడుపుకునే వ్యాన్ గాని చెడిపోతే ఈ ప్రాంతపు షెడ్లే దిక్కు. ఇటీవలి బండ్లలో ఇంజన్ బొమ్మ గల పసుపు లైటు వెలిగిందంటే యజమాని గుండె గుభేలుమంటున్నది. "కన్వర్టర్ పోయింది, మార్చాలి" అన్న ఒక్క మాటకు వేల రూపాయలు ఖర్చయిపోతున్నాయి. పరీక్ష చేసి చెప్పారా, ఊహించి చెప్పారా అని అడిగేవారే తక్కువ.

క్యాటలిటిక్ కన్వర్టర్ అనేది ఇంజన్‌కు, సైలెన్సర్‌కు మధ్య ఉండే డబ్బా. లోపల తేనెపట్టు వంటి దిమ్మ, దానిపై ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల పూత ఉంటాయి. పొగలోని విషవాయువుల తీవ్రతను తగ్గించడమే దాని పని. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లోని కొత్త పెట్రోలు కార్లతో మొదలైన ఈ ఏర్పాటు, 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 అమలుతో మరింత కట్టుదిట్టమైంది. లోహాలు విలువైనవి కనుకనే డబ్బా ఖరీదూ ఎక్కువ.

పెట్రోలు బండిలో ఈ డబ్బాకు ముందొకటి, వెనుకొకటి ఆక్సిజన్ సెన్సార్లుంటాయి. స్కానర్‌ను స్టీరింగ్ కింది సాకెట్‌కు తగిలిస్తే వాటి లెక్క తెరపై కనిపిస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కాక చూస్తే, సాధారణ రకపు ముందు సెన్సార్ 0.1 నుండి 0.9 వోల్టుల మధ్య ఊగుతుంది. డబ్బా బాగుంటే వెనుక సెన్సార్ దాదాపు నిలకడగా ఉంటుంది. వెనుకది కూడా ముందుదానితో సమానంగా ఊగితేనే డబ్బాను అనుమానించాలి. కొన్ని కొత్త బండ్లలో ముందు సెన్సార్ రకమే వేరు. అక్కడ వెనుకదాని నిలకడే ప్రధానం. డీజిల్ బండ్ల పరీక్ష కూడా వేరు.

పి-0420 అనే కోడ్ వచ్చినంత మాత్రాన తీర్పు చెప్పరాదు. సైలెన్సర్ గొట్టం జాయింటు దగ్గర గాలి లీకైనా, సెన్సార్ చెడినా ఆ కోడ్ రావచ్చు. ప్లగ్గు సరిగా మండకపోతే కాలని పెట్రోలు డబ్బాలోకి చేరి, అక్కడ మండి, లోపలి దిమ్మను కరిగిస్తుంది. ఇంజన్ ఆయిల్ తాగే బండిలో పూత పాడవుతుంది. మూల రోగం కుదర్చకుండా డబ్బా మారిస్తే కొత్తదీ పాడవక తప్పదు.

కోడ్ చెరిపేసి "బాగు చేశాం" అనడం మరొక మోసం. కొద్ది రోజులు నడపగానే లైటు మళ్ళీ వెలుగుతుంది. దిమ్మను పగలగొట్టి ఖాళీ డబ్బా బిగించడం ఇంకా అన్యాయం. ఆ విషపు పొగ పీల్చేది మన పిల్లలే.

కనుక యజమానులు మూడు విషయాలు పట్టుబట్టాలి. స్కానర్ తెరను తమ ముందే చూపాలి. కోడ్‌ను, సెన్సార్ల అంకెలను చీటీపై రాసివ్వాలి. డబ్బా మార్చక తప్పనప్పుడు పాతదానిని తిరిగి ఇవ్వాలి. అందులోని లోహానికి తుక్కు బజారులో ధర ఉంది.

నిజాయితీగా పనిచేసే మెకానిక్‌లు ఇందుకు వెనుకాడరు. వారిలో పలువురు పని చేస్తూ నేర్చుకున్నవారే తప్ప కొత్త యంత్రాలపై శిక్షణ పొందినవారు కారు. 1968లో నెలకొల్పిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ బాలానగర్‌లోనే ఉంది. అటువంటి సంస్థలు, ఐ.టి.ఐ.లు తక్కువ ఫీజుతో సాయంత్రపు తరగతులు నడిపితే ఎంతో మేలు. రవాణా శాఖ కూడా పొగ పరీక్ష కేంద్రాలలో ఈ జాగ్రత్తలను తెలుగులో రాయించి తగిలించాలి. రైతు కష్టార్జితం ఒక పసుపు లైటు పాలు కాకుండా చూడవలసిన బాధ్యత అందరిదీ.